దారుల దొర ఇల్లు చేరిన సాయంత్రం

కరోనా రావడానికి ముందటి ఏడాది, మృగశిర కార్తె వెళ్ళీ వెళ్ళకముందే, నన్ను మైదానంలోని పెద్దాసుపత్రి నుంచి అనంతగిరి కొండల్లోని ఒక ప్రభుత్వాసుపత్రికి బదిలీ చేశారు. హోదా హెడ్ నర్సు. స్టాఫ్ నర్సుకి ఒక మెట్టు పైన, సూపరింటెండెంటుకి ఒక మెట్టు కింద. అంటే పైనుంచి వచ్చే తిట్లూ, కిందనుంచి వచ్చే సణుగుడూ కలిసే చోటన్నమాట. ఆసుపత్రి పనితోపాటు పక్కనే ఉన్న గర్భిణుల వసతి గృహం కూడా నా అదనపు బాధ్యతేనని ఉత్తర్వులో చివరి వాక్యంగా రాశారు. ఉత్తర్వుల్లో అసలు పనంతా చివరి వాక్యంలోనే ఉంటుందని నాకు అప్పటికే అనుభవం.

వసతి గృహమంటే ఏమిటో తెలియని వాళ్ళకి రెండు మాటలు. కొండలమీద రోడ్డు లేని ఊళ్ళు ఇంకా ఉన్నాయి. అక్కడ నొప్పులు మొదలయ్యాక డోలీ కట్టి, వాగు దాటించి, రోడ్డుమీదికి మోసుకొచ్చి 108 బండి ఎక్కించేసరికి ఒక్కోసారి బిడ్డ దారిలోనే పుట్టేస్తుంది. అందుకని నెలలు నిండబోతున్న వాళ్ళని ముందే తీసుకొచ్చి ఆసుపత్రి పక్కన ఉంచుతారు. మూడు పూటలా భోజనం, గుడ్డు, పాలు, పొద్దునా సాయంత్రం బీపీ, వారం వారం బరువు, రక్తపరీక్ష, తోడుగా ఇంటి మనిషి ఒకరు. కాగితం మీద చూస్తే ఏ లోటూ లేదు. ఉన్న లోటల్లా అక్కడ చెయ్యడానికి పని లేకపోవడమే. బుద్ధెరిగాక ఒక్క పూటైనా ఊరికే కూర్చోని ఆడవాళ్ళని పట్టుకొచ్చి "తిను, పడుకో" అంటే వాళ్ళకది శిక్షలా ఉండేది. చోడి, అంటే రాగి, చేలో కలుపు ఎవరు తీస్తున్నారో, మేకల్ని ఎవరు తోలుతున్నారో అని ఒకటే బెంగ. నాలుగు రోజులు చూసి, ఐదోరోజు పొద్దున్నే మూట నెత్తిన పెట్టుకుని చెప్పకుండా వెళ్ళిపోయేవారు. మా రికార్డు భాషలో దాన్ని 'అబ్‌స్కాండెడ్' అంటారు. జైలు నుంచి పారిపోయిన ఖైదీకి వాడే మాటే కడుపుతో ఉన్న మనిషికీ వాడతాం.

ఇక నా సంగతి. నాకు పుస్తకాల పిచ్చి, అందులోనూ ఒక రకం పుస్తకాల పిచ్చి. లేని రాజ్యాలు, మంత్రాలు, మాట్లాడే జంతువులు, మొదటి పేజీలో ఆ రాజ్యానికో పటం, దిండంత లావున్న సంపుటాలు ఒకదాని వెనక ఒకటి. యాభై దాటాక అంటుకుంది నాకిది. మా అన్నయ్య కూతురు సెలవులకొచ్చి మొదటి సంపుటం మా ఇంట్లో మరిచిపోయి వెళ్ళింది. ఓ ఆదివారం మధ్యాహ్నం ఊసుపోక తెరిచాను. ఇంగ్లీషు మొదట్లో అన్నంలో రాళ్ళలా తగిలింది. కొంత దూరం పోయాక అది ఇంగ్లీషన్న సంగతే మరిచిపోయాను. సాయంత్రం దీపం పెట్టడం కూడా మరిచిపోయాను. పుస్తకం తిరిగి పంపమని మేనకోడలు ఫోను చేస్తే, రెండోది కూడా పట్టుకొస్తేనే ఇస్తానన్నాను.

మా ఫార్మసిస్టు అప్పలరాజుకి ఇది పెద్ద వేడుక. నా బల్లమీద ఆ అట్ట కనబడితే చాలు, "మేడమ్, ఈ వయసులో రాక్షసులేటండీ? సక్కగా ఏదైనా పారాయణ చేసుకుంటే పుణ్యమొస్తాది" అనేవాడు. డాక్టరమ్మ చిన్నపిల్ల, నవ్వి ఊరుకునేది. నేనేమీ సిగ్గుపడలేదు. లేబరు రూములో పనిచేసేవాళ్ళకి నిజానికి కొదవ లేదు. రక్తమూ, కేకలూ, అదృష్టమూ, దురదృష్టమూ పగలంతా చూసి ఇంటికెళ్ళాక మళ్ళీ నిజమే చదవమంటే ఎలా? పైగా ఆ పుస్తకాల్లో నాకు నచ్చే సుగుణం ఒకటుంది. అక్కడ మనుషులు బయల్దేరిన పని పూర్తిచేసేదాకా వెనక్కి తిరగరు. మా శాఖలో అది అరుదు.

అప్పట్లో నేను చదువుతున్న వరసలో నాలుగు సంపుటాలు వచ్చాయి. ఐదోది రావాలి. కథ సుళువుగా చెబుతాను. ఒక దొర ఉంటాడు. అతనికి దారుల్ని దొంగిలించే విద్య తెలుసు. ఏ ఊరి దారినైనా చాపలా చుట్టచుట్టి చంకన పెట్టుకుని పోతాడు. ఇక ఆ ఊళ్ళోంచి ఎవరూ బయటికి రాలేరు, బయటివాళ్ళెవరూ లోపలికి పోలేరు. చాపలల్లే ఒక పిల్ల, నీళ్ళు ఎండిపోయిన ఏటిమీద పడవ నడిపే ఒక ముసలాడు, నోటికి అదుపు లేని ఒక మాట్లాడే గాడిద కలిసి ఆ దారుల్ని వెనక్కి తేవడానికి బయల్దేరతారు. నాలుగు సంపుటాలూ వాళ్ళ ప్రయాణమే.

వసతి గృహంలో అప్పుడు సుక్రి అనే అమ్మాయి ఉండేది. వాగు అవతల, కాఫీ తోటలకి పైన ఎక్కడో ఉన్న ఊరు. రెండో కాన్పు. మొదటి కాన్పు ఆపరేషన్. అలాంటివాళ్ళని మేము 'హై రిస్క్' అని ఎర్ర గుర్తు పెడతాం, ఎందుకంటే నొప్పులు ఇంటిదగ్గర మొదలైతే కడుపులోని పాత కుట్టు విచ్చుకునే ప్రమాదం ఉంది. అప్పుడు తల్లినీ బిడ్డనీ దక్కించుకోవడానికి దొరికే వ్యవధి చాలా తక్కువ. అందుకే ఆమెని అందరికంటే ముందు తెచ్చి కూర్చోబెట్టాం. ఆమె అందరికంటే ముందు పారిపోయింది. ఆశా కార్యకర్త వెళ్ళి తీసుకొచ్చింది. మళ్ళీ పారిపోయింది, మళ్ళీ తెచ్చాం. ఈసారి ఆమె అత్త గాసమ్మని తోడుగా పెట్టాం, కాపలా కూడా అవుతుందని. గాసమ్మ ఎముకల గూడులా ఉండేది గాని, గొంతు విప్పితే ఆసుపత్రి గేటుదాకా వినబడేది.

ఒక సాయంత్రం బీపీలు చూడటం అయ్యాక వరండాలో కూర్చుని చదువుకుంటూ గాడిద అన్న మాటకి పకాలున నవ్వాను. సుక్రి వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏటుందందులో, నీలో నువ్వే నవ్వీసుకుంటన్నావు?"

చెప్పాను. దొర ఎవరో చెప్పందే గాడిద మాట అర్థం కాదు, పిల్ల ఎవరో చెప్పందే దొర సంగతి అర్థం కాదు. అలా మొదటి సంపుటం మొదటి పేజీకి వెళ్ళాల్సి వచ్చింది. దొర దారుల్ని చుట్టుకుపోతాడనగానే సుక్రి అత్తకేసి తిరిగి, "సూసినావా అత్తా, మన ఊరికి రోడ్డు రానిది ఇందుకే. ఈడే అట్టుకుపోనాడు" అంది. అందరూ ఒకటే నవ్వు.

మర్నాటి నుంచి సాయంత్రం భోజనాలు కాగానే వరండా నిండిపోయేది. పుస్తకంలోని పేర్లు వాళ్ళకీ నాకూ కూడా నోరు తిరగవు కాబట్టి వాళ్ళే పేర్లు పెట్టుకున్నారు. పిల్ల 'సాపల పిల్ల' అయింది. వాళ్ళలో ఊఁ కొట్టే మనిషి ఒకరుండాలి. ఆ మనిషి ఊఁ అంటేనే కథ ముందుకి కదలాలి. ఆ పదవి సుక్రి తీసుకుంది. నచ్చితే "ఊఁ" అనేది, అనుమానం వస్తే నోరు మూసుకుని నాకేసి చూసేది. అప్పుడు నేను వెనక్కి వెళ్ళి సరిగా చెప్పాల్సి వచ్చేది. అప్పలరాజు కూడా ఐరన్ మాత్రలు లెక్క చూసే నెపంతో రోజూ అదే వేళకి వచ్చి గుమ్మం పక్కన నిలబడేవాడు. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడమేతకన్నట్టు ఉండేది వ్యవహారం. నేను ప్రతి సాయంత్రం మంచి పట్టులో ఆపేసేదాన్ని. వాళ్ళు గొణుక్కుంటూ పడుకునేవారు. పొద్దున్న చూస్తే అందరూ ఉండేవారు. సుక్రి కూడా ఉండేది. పారిపోయిన వాళ్ళెందరని పైనుంచి ఫోనొస్తే నేను కాస్త గొంతు పెంచి జవాబు చెప్పడం మొదలుపెట్టాను.

వాన బాగా పట్టిన ఒక గురువారం, సాయంత్రం జిల్లా అధికారులతో వీడియో సమావేశం ఉందని కబురొచ్చింది. డాక్టరమ్మ పక్క మండలం డ్యూటీలో ఉంది కనుక నేనే కూర్చోవాలి. కథ ఆపితే వీళ్ళు ఊరుకోరు. పైగా నాలుగో సంపుటంలో మిగిలింది ఆఖరి అధ్యాయం. అందుకని మధ్యాహ్నం భోజనాలు కాగానే చెప్పేస్తానన్నాను. గాసమ్మ సంతకెళ్ళింది. ఉన్నవాళ్ళలో చిన్నది చిలకమ్మ. తొలిచూలు పిల్ల. అది మాత్రం నసిగింది.

"పొద్దుండగా కథ వొద్దు సిస్టరమ్మా."

"ఏం, కథకి ఎండ తగులుతుందా?" అన్నాను. నవ్వారు, కూర్చున్నారు. చాపల పిల్ల, పడవ ముసలాడు, గాడిద కొండ లోపలి గుహకి చేరారు. లోపల లోకంలోని దారులన్నీ చుట్టలు చుట్టి చాపల్లా పేర్చి ఉన్నాయి. వాటి మధ్య దొర కూర్చుని ఉన్నాడు. వీళ్ళు లోపలికి అడుగు పెట్టగానే వెనక రాతి తలుపు మూసుకుపోయింది. సంపుటం సమాప్తం.

సాయంత్రానికి వాన కొండమీద దంచికొట్టింది. నెట్ పోయి సమావేశం ఎలాగూ జరగలేదు. గాసమ్మ సంత నుంచి తడిసి ముద్దయి వచ్చింది. వస్తూనే, "నా కొడుకు రానేదా?" అంది.

సుక్రి మొగుడి పేరు బొంజుబాబు. వారానికోసారి కొండ దిగి భార్యని చూసి వెళ్ళేవాడు. ఆ రోజు వెలుగుండగానే వస్తానని కబురు పెట్టాడు. రాలేదు. వాళ్ళ ఊరికి ఫోను సిగ్నల్ లేదు. వాన కదా, బయల్దేరి ఉండడని నేనంటూ ఉండగానే చిలకమ్మ నోరు జారింది. పగలే కథ చెప్పేసిన సంగతి బయటపడింది.

గాసమ్మ సంత బుట్ట దించి నాకేసి చూసింది.

"పొద్దు గుంకకుండా కథ సెప్తే తోవలో ఉన్నోల్లు తోవ తప్పుతారు. సిన్న గుంటలకి కూడా తెలిసిన మాట. మీ ఊర్లో నీకెవులూ సెప్పనేదేటి?"

మా ఊళ్ళో ఎప్పుడు పడితే అప్పుడు చెబుతారన్నాను.

"అందుకే మీ ఊరోల్లు బస్సులట్టుకుని తిరుగుతారు. నడిస్తే ఇల్లు సేరరు" అంది.

వేరే రోజైతే నేనూ నవ్వేదాన్ని. కాని సుక్రి అప్పటికే లోపలికెళ్ళి మూట కట్టుకుని వచ్చింది. "వాగు కాడ దాకా ఎల్లి సూసొత్తాను" అంది. వాగుదాకా వెళ్ళి రావడమంటే ఏమిటో ఇంతకుముందు రెండుసార్లు చూశాం.

ఇక్కడ ఒక నిబంధన చెప్పాలి. వసతి గృహంలో ఎవరినీ బలవంతంగా ఆపే హక్కు మాకు లేదు. ప్రమాదం వివరించాలి, వినకపోతే వైద్య సలహాకి విరుద్ధంగా వెళ్తున్నట్టు వేలిముద్ర తీసుకోవాలి. అంతే. డాక్టరమ్మకి ఫోను చేస్తే, "ఎలాగైనా ఆపండి సిస్టర్" అంది. ఆ 'ఎలాగైనా' అన్నది ఎలాగో ఏ నిబంధనలోనూ లేదు. పాత కుట్టు విచ్చుకున్న కడుపుని నా సర్వీసులో ఒకసారి చూశాను. ఆ తల్లి దక్కలేదు. సుక్రి ఆ వానలో, ఆ ఏటవాలులో నడుస్తుందనుకుంటే, దాపరికం ఎందుకు, నిజంగా భయపడ్డాను. ప్రమాదం గురించి తెలిసినదంతా చెప్పాను. సుక్రి అన్నీ విని, "నాకు తెలుసు సిస్టరమ్మా. ఆడు తోవలో ఉన్నాడు కదా మరి" అంది.

అప్పలరాజు సాయం చేద్దామని ముందుకొచ్చి, అవన్నీ మూఢనమ్మకాలని, కథకీ దారికీ సంబంధం లేదని ఉపన్యాసం ఎత్తుకున్నాడు.

"నీకేటన్నా, నీ మనిసి తోవలో నేదు" అంది సుక్రి. అప్పలరాజు గుమ్మం దగ్గరికి వెళ్ళిపోయాడు.

అప్పుడు నాకు ఒక్క సంగతి తట్టింది. ఇంతసేపూ నేను వాళ్ళ భయం తప్పని చెబుతున్నాను గాని, ఆ భయానికి వాళ్ళ దగ్గర మందేమిటో అడగలేదు. మందు లేని జబ్బుని ఏ ఊరూ ఉంచుకోదు. గాసమ్మని అడిగాను, పొరపాటున పగలు చెప్పేస్తే ఏం చేస్తారని.

"ఏటి సేత్తాం? కథ ముగించీయాలి. కథలో ఎవులెవులు ఇల్లు ఒగ్గీసి ఎల్లినారో ఆల్లందరూ ఇల్లు సేరిపోవాల. అప్పుడు మన మనిసీ సేరతాడు."

మా మైదానంలో 'కథ కంచికి, మనం ఇంటికి' అని చేతులు దులుపుకుంటాం. వీళ్ళ ఊరి వాడుకలో కథలోవాళ్ళు ముందు ఇల్లు చేరాలి, మనం తర్వాత. నన్నడిగితే న్యాయంగానే ఉంది. చిక్కల్లా ఒకటే. ఐదో సంపుటం ఇంకా రాలేదు. ఆ మాట చెప్పక తప్పలేదు.

"రానేదంటే?"

"రాసే ఆవిడ ఇంకా రాయలేదు."

గాసమ్మ గొంతు గేటుదాకా వెళ్ళింది. "ముగింపు తెలీకుండా కథెత్తుకుందా? ఆల్లని గుహలో ఎట్టి తలుపేసి, ఆవిడ ఇంటికాడ అన్నం తింటందా?"

ఇలాంటి పుస్తకాలు చదివే మనిషిగా ఆ ప్రశ్న నేను చాలా ఏళ్ళుగా అడగాలనుకుంటున్నదే. సరేనని నేనే గబగబా ముగించబోయాను. తలుపు తెరుచుకుంది, దొర చచ్చాడు, అందరూ ఇళ్ళకెళ్ళి సుఖంగా ఉన్నారు అన్నాను. సుక్రి ఊఁ అనలేదు. "నీ మొకం సూత్తే తెలుస్తంది. నువ్వు నన్ను ఆపడానికి సెప్తన్నావు. అది కథ కాదు" అంది. ఊఁ పడని కథ చెప్పనట్టే లెక్క.

చివరికి గాసమ్మే తీర్పు చెప్పింది. తలా ఒకర్ని ఇల్లు చేర్చాలి. చేర్చేవాళ్ళు నిజంగా నడిపించి తీసుకెళ్ళాలి, ఎగరేసి పడెయ్యకూడదు. నేను సుక్రితో ఒప్పందం చేసుకున్నాను. కథలో ఆఖరి మనిషి ఇల్లు చేరేదాకా ఆమె గుమ్మం దాటకూడదు. సుక్రి మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మొదట ఆ తలుపు తెరవాలి. ఎవరికీ తోచలేదు. నేను పుస్తకాల్లో చదివిన మంత్రాలన్నీ వల్లించాను. సుక్రి పెదవి కదపలేదు. అప్పుడు గుమ్మం దగ్గర నుంచి అప్పలరాజు గొంతు సవరించుకున్నాడు.

"ఆ తలుపు ఎటు తెరుసుకుంటాదండీ? ఆళ్ళు బయటికి తోస్తన్నారేమో. లోపలికి లాగమనండి. మన మందుల గది తలుపూ అంతే కదా."

"ఊఁ" అంది సుక్రి. ఆ సాయంత్రం పడిన మొదటి ఊఁ అది. అప్పలరాజు మొహంలో వెలుగు చూడాల్సిందే. వచ్చి మామధ్య కింద కూర్చున్నాడు.

గాసమ్మ పడవ ముసలాణ్ణి తీసుకెళ్ళింది. ఏటి దారి చుట్ట విప్పగానే నీళ్ళు ఉరికాయట. ముసలాడు పడవేసుకుని ఇంటి రేవుకి వస్తే, పెళ్ళాం ఇన్నాళ్ళు ఎక్కడ చచ్చావని తిట్టి అంబలి పోసిందట. తిట్టేముందు అంబలి పోసిందా, తర్వాతా అని సుక్రి అడిగింది. తర్వాతేనని గాసమ్మ చెప్పాక ఊఁ కొట్టింది. గాడిద చిలకమ్మ వంతు. గాడిదకి అసలు ఇల్లే లేదన్న సంగతి పుస్తకం రాసినావిడకి నాలుగు సంపుటాల్లోనూ గుర్తొచ్చినట్టు లేదు. చిలకమ్మ దాన్ని తన అత్తగారింటికి తోలుకుపోయి, కాఫీ బస్తాలు మొయ్యడానికి పెరట్లో కట్టేసింది. "మా అత్త తిడితే తిరిగి తిడతాది. మాటలొచ్చు కదా" అంది. అందరూ కడుపులు పట్టుకుని నవ్వుతుంటే నాకు వేరే భయం మొదలైంది, నెలలు నిండినవాళ్ళు కదా, కాస్త మెల్లగా నవ్వండర్రా అన్నాను.

చాపల పిల్లని సుక్రి తనకే కావాలంది. ఆ పిల్ల ముందు అన్ని ఊళ్ళ దారులూ విప్పి పరిచిందట. ఆఖరికి అడుగున ఒక సన్నటి కాలిబాట మిగిలిందట. అది ఎవరిదోనని విప్పితే దాని చివర వాళ్ళమ్మ నిలబడి ఉందట. సుక్రి చెప్పడం మొదలుపెడితే మేమంతా ఊఁ కొట్టాం.

అయిపోయింది. కాని బొంజుబాబు రాలేదు. బయట వాన సన్నబడింది. సుక్రి మూట పట్టుకుని లేచింది. ఒప్పందం ఒప్పందమే.

"దొర రానేదు" అంది గాసమ్మ.

"ఆడు దుష్టుడు కదా, ఆడెందుకు?" అన్నాడు అప్పలరాజు.

"దుష్టుడైతే తోవలో ఒగ్గీత్తారేటి? ఆడూ ఓ తల్లి కన్న కొడుకే. ఆడు తోవలో ఉన్నంతసేపు నా కొడుకూ తోవలోనే ఉంటాడు."

ఇది నేనూహించని చిక్కు. గుహలోని దారులన్నీ ఎవరివి వాళ్ళకి ఇచ్చేశారు. ఇక దొర ఇంటికి వెళ్ళడానికి ఒక్క దారీ మిగల్లేదు. లోకంలో దారులన్నీ దొంగిలించినవాడికి సొంత దారి లేకుండా పోయింది. సుక్రి మొహం ముడుచుకుని, "ఆడే కదా అందరివీ సుట్టీసినాడు. పడుండనీ" అంది. అని మళ్ళీ కూర్చుంది. చాలాసేపు మూటమీద వేలితో గీతలు గీసింది.

"సాపల పిల్ల ఎల్లిన బాట ఇంకా సుట్టనేదు" అంది చివరికి. "ఆ పిల్ల ఎనకాల నడవమను. దగ్గిరగా కాదు. దూరంగా నడవమను."

దొర నడుస్తున్నాడు. ఆ పిల్ల వెనక్కి తిరిగి చూడటం లేదు. బాట చీలిన చోట ఆగి, ఇటా అటా అని ఆలోచిస్తున్నాడు. సరిగ్గా అప్పుడు గేటు దగ్గర కుక్కలు మొరిగాయి. నడుందాకా బురదతో, చంకలో ఒక కోడితో బొంజుబాబు వరండా ఎక్కాడు. వాగు పొంగి దిగనివ్వకపోతే, తిరిగి కొండెక్కి పైన కాఫీ తోటల్లోంచి చుట్టూ తిరిగి వచ్చాడట. గాసమ్మ లేచి కొడుకుని వీపుమీద రెండు చరిచి ఏడ్చింది. మేమంతా ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టాం.

"ఉండండి" అంది సుక్రి. మొగుడికేసి చెయ్యి చూపించింది. "నువ్వూ కూకో. దొర ఇంకా తోవలోనే ఉన్నాడు."

బొంజుబాబుకి ఏమీ అర్థం కాలేదు. అయినా ఆ తడిబట్టలతోనే, కోడిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. సుక్రి దొరని ఎడమ బాటలోకి తిప్పింది. ఆ చివర ఇల్లుంది. కప్పు కూలిపోయింది, గుమ్మంలో గడ్డి మొలిచింది, పలకరించడానికి ఎవరూ లేరు. దొర వంగి లోపలికెళ్ళి పొయ్యి ముట్టించుకున్నాడు.

"ఊఁ" అన్నాడు బొంజుబాబు, ఎవరికోసమో ఏమిటో తెలియకుండానే. సుక్రి మూట విప్పేసింది.

ఆ తర్వాత పెద్దగా చెప్పడానికేమీ లేదు. అనుకున్న రోజున అంబులెన్సులో కింద పెద్దాసుపత్రికి పంపాం. ఆపరేషన్ అయింది. గుంట, అంటే ఆడపిల్ల, పుట్టింది, తల్లీ పిల్లా క్షేమం. ఆ కోడిని గాసమ్మ నాకిచ్చింది. అది రోజూ గుడ్డు పెడుతుండటంతో కొయ్యబుద్ధి కాలేదు. అప్పలరాజు మొదటి సంపుటం అడిగి పట్టుకెళ్ళి, ఇంగ్లీషు రాదంటూనే సగందాకా లాగాడు. నేను పదవీ విరమణ చేసేదాకా ఆ వసతి గృహంలో కథల వేళ సాగింది. ఇక ఎవరూ చెప్పకుండా వెళ్ళలేదని అనను. వెళ్ళారు. తక్కువమంది వెళ్ళారు. నా తర్వాత వచ్చిన హెడ్ నర్సుకి బాధ్యతలు అప్పగిస్తూ మందులూ, మంచాలూ, దుప్పట్లూ చూపించాక, కథ పొద్దు గుంకాకే చెప్పాలని చెప్పాను. ఆవిడ నేను హాస్యమాడుతున్నాననుకుని నవ్వింది. హాస్యం కాదు, అది కూడా డ్యూటీలో భాగమేనన్నాను.

ఇప్పుడు విజయనగరంలో ఉంటున్నాను. ఐదో సంపుటం ఈమధ్యే వచ్చింది. వంట కూడా మానేసి, అటుకులు తింటూ చదివాను. పుస్తకం బాగుంది, కాదనను. తలుపు మాత్రం మంత్రంతో తెరిచింది రచయిత్రి. అప్పలరాజు పద్ధతే మేలు. దొర లోయలో పడి చచ్చిపోయాడు. ఆ పేజీ దగ్గర ఆగి, అయ్యో ఇతన్ని తోవలో ఒగ్గేసిందే అనుకున్నాను.

మొన్న ఒక మధ్యాహ్నం సుక్రి ఫోను చేసింది. వాళ్ళ ఊరికి రోడ్డు ఇంకా రాలేదుగాని, పైన తోటల్లో ఒక బండరాయి ఎక్కితే సిగ్నల్ వస్తోందట. కూతురికి ఇప్పుడు కథల పిచ్చి పట్టిందట.

"సిస్టరమ్మా, ఆ పుస్తకం వచ్చిందా? సాపల పిల్ల ఏటయ్యింది? దొర ఇల్లు సేరినాడా?"

చెప్పబోయి, ఇల్లంతా ఎండ పడి ఉండటం చూసి ఆగాను. బొంజుబాబు ఎక్కడున్నాడని అడిగాను. సంతకెళ్ళాడు, ఇంకా రాలేదంది. అయితే పొద్దు గుంకాక చెయ్యమన్నాను. "ఊఁ" అని పెట్టేసింది.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంతే. వెళ్ళిపోతానన్న మనిషికి ప్రమాదం ఎంతైనా వివరించవచ్చు, వివరించాలి కూడా. కాని ముందు దారిలో ఉన్నది ఎవరో అడగాలి.